నసీమ ఆపా ముందుగదిలో పైథాన్

పోయిన నెల మా చిన్నమ్మ కంటి ఆపరేషను కోసం మా ఊరు జహీరాబాద్ వెళ్లాను. దవాఖానలో ఆమె పేరు రాయించడానికి నిలబడితే, బల్ల వెనక కూర్చున్న నర్సు కంప్యూటర్లో ఏదో పేజీ తెరిచి ఫోన్లో ఎవరికో నంబరు చెబుతోంది. తెర సగం నావైపు తిరిగి ఉంది. లేత ఆకుపచ్చ పట్టీ, దాని మీద తెల్లటి అక్షరాల్లో ‘రక్తదాతల జాబితా’, కింద ఊళ్ల పేర్లు వరసగా. ఆ ఆకుపచ్చ రంగు నేను పెట్టిందే. ఇరవై ఐదేళ్ల వయసులో, పొద్దంతా కూర్చుని, ఏ ఆకుపచ్చ అయితే కళ్లకు హాయిగా ఉంటుందో వెతికి పెట్టిన రంగు. “ఇది ఎవరు చేశారమ్మా?” అని అడిగాను. ఆ అమ్మాయి తల ఎత్తకుండానే, “తెల్వదు మేడం. మేమొచ్చేసరికే ఉన్నది. మంచిగనే పని చేస్తది” అంది. అంతకంటే పెద్ద మెప్పు నా ఉద్యోగ జీవితంలో నాకు ఎవరూ ఇవ్వలేదు. హైదరాబాదులో మేము కట్టే వెబ్‌సైట్లు మూడేళ్లు నిలబడితే గొప్ప. ఈ పేజీ ఇంకా బతికి ఉందంటే అది నా గొప్పతనం కాదని మాత్రం నాకు బాగా తెలుసు. చిన్నమ్మను లోపలికి పంపి, బయట బెంచీ మీద కూర్చున్నాను. నసీమ ఆపా ముందుగది ఒక్కసారిగా గుర్తుకొచ్చింది.

ఆ గది హైవేకి రెండు గల్లీలు లోపల ఉండేది. వీధిలోకి తెరుచుకునే రెండు తలుపులు, గోడ వెంట నాలుగు టైపు మిషన్లు, వాటి మీద ఆపా స్వయంగా కుట్టిన నీలం గుడ్డ ముసుగులు. ఎదురుగోడకు రెండు కంప్యూటర్లు. లోపల అడుగు పెట్టగానే మిషన్ నూనె, సిరా రిబ్బను వాసన. దాని వెనకనుంచి వంటింట్లో కాలుతున్న జొన్నరొట్టె వాసన. అల్లం కాలంలో అయితే డాబా మీద ఆరబెట్టిన అల్లం ఘాటు కూడా మెట్ల మీదుగా దిగి వచ్చేది. ఆపా వాళ్లమ్మను అందరం అమ్మీ అనేవాళ్లం. ఆమె పొద్దున లేచి మొదట చేసే పని ముందుగది ఊడ్చి, కంప్యూటర్ల మీద దుమ్ము తన కొంగుతోనే తుడవడం. వేరే ఏ గుడ్డా వాడనిచ్చేది కాదు. తరవాత గుమ్మం పక్క పీట వేసుకుని బియ్యం ఏరుతూ రేడియోలో ఉర్దూ వార్తలు వినేది. మా టైపు మిషన్ల చప్పుడు ఎక్కువైతే రేడియో శబ్దం పెంచేది తప్ప మమ్మల్ని ఆపమని ఏనాడూ అనలేదు.

అక్క అనే అర్థంలో మేమంతా ఆపా అని పిలిచే నసీమకు అప్పటికి యాభై దగ్గర పడుతున్నాయి. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పాతికేళ్లు ఇంగ్లీషు, తెలుగు టైపింగ్ నేర్పింది. ఊళ్లో ఏ ఆఫీసుకు వెళ్లినా ఆమె దగ్గర నేర్చుకున్న వేళ్లు కనీసం ఒక జత ఉండేవి. టైపు మిషన్ల కాలం అయిపోతోందని అర్థమైనప్పుడు ఆమె ఏడవలేదు, గది మూసేయలేదు. రెండు కంప్యూటర్లు కొని, వాటితో ఏం చేయవచ్చో మొదటి పేజీ నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఇంటర్నెట్‌లో దొరికిన పాఠాలను జిరాక్సు షాపులో అచ్చు వేయించి, దారంతో కుట్టించి పుస్తకం చేసుకునేది. మధ్యాహ్నం నమాజు తరవాత ఒక గంట ఆ పుస్తకానిది. ఇంగ్లీషు వాక్యాల పక్కన అంచుల్లో పెన్సిలుతో సన్నగా ఉర్దూలో తన మాటలు రాసుకునేది. ఆ గంటలో ఎవరైనా పిలిస్తే అమ్మీ గుమ్మంలోనే ఆపేసేది: “బిటియా సదువుకుంటున్నది. జరసేపు ఆగి రా.” యాభై ఏళ్ల కూతురు ఆమెకు ఇంకా బిటియానే!

నేను ఆ గదికి పాఠాలు చెప్పడానికి వెళ్లాను. హైదరాబాదులో కంప్యూటర్ డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం దొరక్క ఇంటికి వచ్చిన రోజులవి. మా నాన్న ట్రాక్టర్ల కర్మాగారంలో ఫిట్టరు. కూతురు ఖాళీగా కూర్చోవడం చూడలేక, “నసీమ మేడం దగ్గర కంప్యూటర్లు ఉన్నయట, పోయి నాలుగు ముక్కలు చెప్పి రా” అని పంపాడు. కాలేజీలో నేను జావా అనే కంప్యూటర్ భాష బట్టీ పట్టాను. ఆపా నన్ను కూర్చోబెట్టి తను నేర్చుకుంటున్న పైథాన్ చూపించింది. దాన్ని స్క్రిప్టింగ్ భాష అంటారు. గోధుమలు గిర్నీకి తీసుకెళ్లి పిండి పట్టించినట్టు ముందు ప్రోగ్రామునంతా మార్చి సిద్ధం చేసుకోనక్కర్లేదు, రాసింది రాసినట్టే నడిచిపోతుంది. నేను పెదవి విరిచాను. ఇంత తేలికైనది నిజమైన భాష ఎలా అవుతుందని. ఆపా నవ్వి, తెర మీది లైన్లు చూపించి, “చదువు” అంది. చదివాను. “ఎవరన్న మనిషి కూసోని చెప్తున్నట్టు లేదా? రేపు మనం లేకున్నా ఇంకొకరు చదువుకుంటరు” అంది. పాఠం చెప్పడానికి వెళ్లినదాన్ని ఆ వారంలోనే పాఠం నేర్చుకునేదాన్నయ్యాను.

కరుణ సిస్టర్ దవాఖానలో పెద్ద నర్సు. సాయంత్రం డ్యూటీ దిగాక తెలుగు టైపింగ్ నేర్చుకోవడానికి వచ్చేది. తెల్ల చీర మీద స్పిరిట్ వాసన ఇంకా పోకుండానే మిషన్ ముందు కూర్చునేది. ఒకరోజు ఆమె వేళ్లు కదల్లేదు. ఆపా దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. “నిన్న మొగుడంపల్లి దిక్కు నుంచి ఒకామెను తెచ్చిన్రు ఆపా” అంది కరుణ. “కాన్పైనంక నెత్తురు ఆగలే. రక్తం ఇచ్చెటోళ్ల పేర్లు నా నోట్‌బుక్కుల ఉన్నయి. ఆ గ్రూపు ఎవలదో వెతికేసరికే అరగంట పట్టింది. దొరికిన నంబరు కలవలే. ఇంకొకటి దొరికేసరికి...” అమ్మీ లోపలినుంచి నీళ్లు తెచ్చి ఇచ్చి, రేడియో ఆపేసింది. ఆ రోజు ఎవరూ టైపు చేయలేదు. కరుణ వెళ్లిపోయాక ఆపా నావైపు తిరిగి, “స్వరూపా, మనకు ఇంత వచ్చు కదా. ఎందుకు నేర్చుకున్నట్టు మరి?” అంది.

అలా మొదలైంది. ఊళ్లవారీగా, గ్రూపులవారీగా రక్తదాతల పేర్లు, ఫోన్ నంబర్లు, చివరిసారి ఎప్పుడు ఇచ్చారో వెబ్‌లో పెట్టాలి; దవాఖానలో వాళ్లు వెతికితే వెంటనే దొరకాలి. అంతే పని. నేనైతే ఆ సాయంత్రమే రాయడం మొదలుపెట్టేదాన్ని. అప్పుడే ఒక చిన్న ఫ్రేమ్‌వర్కు గురించి చదివి దాని మీద మోజు పడి ఉన్నాను. ఫ్రేమ్‌వర్కు అంటే ఏమీ లేదు, వెబ్‌సైటు కట్టేవాళ్లకు ప్రతిసారీ కావలసిన పనులను ముందే చేసి పెట్టిన సరంజామా. నాకు నచ్చినదాంట్లో పది లైన్లు రాస్తే పేజీ వచ్చేసేది. మిగిలినవన్నీ మన ఇష్టం వచ్చినట్టు మనమే కూర్చుకోవచ్చు. ఆ స్వేచ్ఛ నాకు మత్తులా ఎక్కింది. పైగా హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూకి రమ్మన్నారు. వాళ్లకు చూపించడానికి నా చేతిలో మెరిసేది ఒకటి ఉండాలి.

ఆపా మాత్రం, “తొందర పడకు. మూడు తీర్ల కట్టి చూద్దాం” అంది. ఏ సరంజామా లేకుండా అంతా చేత్తోనే రాసేది ఒకటి. నాకు నచ్చిన చిన్న ఫ్రేమ్‌వర్కు రెండోది. అన్నీ పెట్టెలో సర్దుకుని వచ్చే పెద్ద ఫ్రేమ్‌వర్కు జాంగో మూడోది. మూడింటితోనూ ఒకే పేజీ కట్టాలి: ఒక దాత పేరు చేర్చడం, ఒక గ్రూపు వెతకడం. చిన్నది నాకు అప్పగించింది. మిగిలిన రెండూ తానే తీసుకుంది. పక్కపక్క కంప్యూటర్ల మీద రెండు వారాలు పని చేశాం. ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో వేళలు గోడ మీద రాసి ఉండేవి. కరెంటు ఉన్నంతసేపు తెర ముందు, పోయాక గుమ్మంలో కాగితాల మీద. చెరకు కాలం అది. బళ్లు, ట్రాక్టర్లు గల్లీ చివర బారులు తీరి వెళ్తుంటే, అమ్మీ పెట్టిన పుల్లటి పప్పు, రొట్టె తింటూ ఆపా ప్రోగ్రాము కాగితం మోకాలి మీద పెట్టుకుని చదివేది.

ఆమె పని చేసే తీరు నాకు మొదట వింతగా, తరవాత కొంత కోపంగా కూడా ఉండేది. ఏదైనా పనిచేయగానే నేను చప్పట్లు కొట్టి ముందుకు పోయేదాన్ని. ఆమె పనిచేసినదాన్ని కావాలని చెడగొట్టేది. ఒక అక్షరం తప్పు కొట్టి, ఒక కామా తీసేసి, తెర ఏమంటుందో చూసేది. ఆ వచ్చిన మాటలను ఒక కాగితం మీద ఎక్కించుకునేది. “అన్నీ మంచిగున్నప్పుడు ఏదైనా మంచిగనే కనబడ్తది స్వరూపా. తప్పు జరిగితే ఇది మనతోని ఎట్ల మాట్లాడ్తదో చూడాలె. ‘ఫలానా కాడ తప్పు చేసినవ్’ అంటే సరే. ఊకె మొకం మాడ్చుకుంటే దానితోని ఎట్ల బతుకుతం?” అనేది. పాఠాలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూడడానికి జిరాక్సు పుస్తకంలో ఒక పేజీ చదివి, పుస్తకం మూసి, చూడకుండా చేయగలిగిందో లేదో పరీక్షించుకునేది. చేయలేకపోతే ఆ పేజీ మూల మడిచేది. మడతలు ఎక్కువైన పుస్తకానికి ఆమె దగ్గర మార్కులు తక్కువ. ఇవాళ పెద్ద పెద్ద కంపెనీల్లో పనిముట్లు ఎంచుకునే మీటింగుల్లో కూర్చుంటాను. ఎవరు వాడుతున్నారు, ఎంత వేగం, ఎంత కొత్తది అన్నవి అడిగేవాళ్లే తప్ప, ఇది తప్పును ఎలా చెబుతుందని అడిగినవాళ్లు నాకు ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు మించి తగల్లేదు.

రెండు వారాల తరవాత ఒక ఆదివారం ప్రార్థన ముగించుకుని కరుణ సిస్టర్ వచ్చింది. మూడింటిలో ఏది ఎవరు చేశారో ఆమెకు చెప్పకూడదని ఆపా ముందే నా దగ్గర మాట తీసుకుంది. కరుణ ముందు చేత్తో రాసినదాని దగ్గర కూర్చుంది. పని అయింది గాని, ఒక పేరు తప్పుగా పడితే దిద్దుకునే దారి లేదు. “అది ఇంకా రాయలే” అంది ఆపా. తరవాత నాది. నా పేజీ అందంగా ఉంది. గ్రూపు నొక్కితే పేర్లు జారుతూ వచ్చేవి, ఆకుపచ్చ పట్టీ మెల్లగా వెలిగేది. కరుణ ముఖం వికసించింది. “అబ్బ, సినిమా తీరుగ ఉన్నది” అంది. నేను ఆపా వైపు గర్వంగా చూశాను. కరుణ తన నోట్‌బుక్కు తెరిచి మొదటి పేరు కొట్టింది. పండరి. ఊరి పేరు దగ్గర రాయికోడ్ అని చక్కగా తెలుగులో కొట్టి బటన్ నొక్కింది. తెర తెల్లబోయింది. తరవాత నిండా ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాలు.

రెండు వారాలుగా నేను పరీక్షించిన పేర్లన్నీ ఇంగ్లీషులోవే. తెలుగు అక్షరాలు వస్తే వాటిని ఎలా పట్టుకోవాలో ఆ కాలపు పైథాన్‌కు విడిగా చెప్పాల్సి వచ్చేది. ఇష్టం వచ్చినట్టు కూర్చుకునే స్వేచ్ఛలో ఆ ముక్క కూర్చడం నేను మరిచిపోయాను. అది అయిదు నిమిషాల్లో దిద్దగలిగిన తప్పే. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. కాని కరుణ అప్పటికే కీబోర్డు మీదనుంచి చేతులు తీసేసి, వాటిని ఒళ్లో దాచుకుంది. ముఖం పాలిపోయింది. “నేనేమన్న ఖరాబ్ చేసిన్నా అమ్మా? నాకు సరిగ కొట్టరాదు. తప్పు నాదే ఉండొచ్చు” అంది. రోజుకు పది ప్రాణాలు చేతుల్లో పట్టుకునే మనిషి, నేను రాసిన పేజీ ముందు పరీక్ష తప్పిన పిల్లలా కూర్చుంది.

ఆపా కుర్చీ జరిపి ఆమెను మూడోదాని ముందు కూర్చోబెట్టింది. దాంట్లో వెలుగులు లేవు, జారుళ్లు లేవు. బీరువాలాంటి పేజీ. తెలుగు పేరు తీసుకుంది. ఉర్దూలో ఒక పేరు ఆపా తానే కొట్టి చూపింది, అదీ తీసుకుంది. ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువైతే ఆ గడి పక్కనే ‘నంబరు మళ్లీ చూడండి’ అని తెలుగులో అంది. పేర్లు దిద్దుకోవడానికి, ఎవరెవరు లోపలికి రావాలో పెట్టుకోవడానికి తెరలు దానితోపాటే వచ్చాయి. కరుణ వరసగా పదకొండు పేర్లు చేర్చి, పన్నెండోది కొడుతూ తనలో తాను ఏదో కీర్తన అందుకుంది. ఆమె వెళ్లిపోయాక నేను గట్టిగానే అన్నాను:

“అయిదు నిమిషాల్ల సరిచేస్త ఆపా! నాది చూడనికి ఎంత మంచిగున్నదో మీరే చూసిన్రు కదా!”

“చూసిన. మంచిగున్నది.”

“మరి?”

“నువ్వు సరిచేస్తవు. నాకు తెలుసు. రేపు హైదరాబాద్ పోతవు. ఎల్లుండి ఇంకోటి వస్తది. అప్పుడెవరు సరిచేస్తరు?” ఆపా గొంతు పెంచలేదు. “ఇంకొకటి. పని చేసెటోళ్లు ‘తప్పు నాదే’ అనుకునేటట్టు చేసేది మనకొద్దు. ఆమె మొకం చూసినవా?”

చూశాను. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది. సంచీ తీసుకుని వచ్చేశాను. మూడు రోజులు వెళ్లలేదు. నాకు తలనొప్పిగా ఉందని అమ్మతో చెప్పాను. నాలుగోరోజు మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆటో ఆగింది. దాంట్లోంచి అమ్మీ దిగింది, చేతిలో స్టీలు టిఫిన్. ఆమె తన గల్లీ దాటి రావడం నేను ఎన్నడూ చూడలేదు. లోపలికి వచ్చి, మా అమ్మ వేసిన కుర్చీలో కూర్చుని, ఊపిరి తీసుకుని, “బేటీ, ఆ ఆకుపచ్చ రంగు నసీమకు పెట్టొస్తలేదు. మూడు దినాల నుంచి కొట్టుకుంటున్నది. ఒకసారి పచ్చి అరటికాయ తీరు వస్తది, ఒకసారి గోడకు పట్టిన పాకురు తీరు. నువ్వొచ్చి పెట్టు” అంది. మా అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే. ఆ సాయంత్రమే వెళ్లాను. ఆపా కుర్చీ జరిగి చోటిచ్చింది, ఏమీ జరగనట్టే. అయితే ఆ మూడు రోజుల్లో తన పేజీలో ఒకచోట నేను రాసిన ముక్క ఒకటి చేర్చిందని చూశాను: వెతికిన గ్రూపు పేర్లలో ఈ మధ్య రక్తం ఇచ్చినవాళ్లను కిందికి తోసే లెక్క. అది నా కోడే. నాదాంట్లోంచి తీసుకుని, పైన ‘స్వరూప రాసింది’ అని రాసి పెట్టింది.

పేజీ మొదలైన రెండు నెలలకు ఒకరోజు కొత్త నర్సులకు నేర్పడానికి పొద్దున పదింటికి దవాఖానకు వెళ్లాను. హైవే పక్కన ఎవరో తవ్వుతూ తీగ తెంపారట, దవాఖానలో ఇంటర్నెట్ లేదు. సరే మళ్లీ వద్దామని లేస్తుండగా ఆటోలో ఒక గర్భిణిని తెచ్చారు. ఆమెది దొరకడం కష్టమైన గ్రూపు, ఓ నెగెటివ్. డాక్టరమ్మ లోపలినుంచి అరిచి చెప్పింది. కరుణ నావైపు చూసింది, నేను చచ్చిన కంప్యూటర్ వైపు చూశాను. అప్పుడామె తన సంచీలోంచి బటన్ ఫోన్ తీసింది. ఆ రోజుల్లో ఆ ఫోన్లలో ఇంటర్నెట్ అంటే బావిలోంచి చెంబుతో నీళ్లు తోడడమే. నేను కట్టిన జారుళ్ల పేజీ అయితే దాంట్లో తెరుచుకునేదే కాదు, ఆ సంగతి చూస్తుండగానే నాకు అర్థమైంది. ఆపా పేజీలో బొమ్మలు లేవు, ఏ హంగూ లేదు. ఒక్కో గీతే దిగింది. తెలుగు అక్షరాలు ఆ ఫోన్లో గడులు గడులుగా పడ్డాయి. కాని ఆపా ముందే కరుణ ఫోన్ తెప్పించుకుని చూసి, ప్రతి పేరునూ పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో కూడా పెట్టించింది.

మూడు పేర్లు వచ్చాయి. మొదటి ఫోన్ ఆగిపోయి ఉంది. రెండో అతను లారీ తోలుకుంటూ సోలాపూర్ దాటాడు. మూడోది రాయికోడ్ పండరిది. రెండుసార్లు మోగాక ఎత్తాడు. అల్లం అమ్మడానికి జహీరాబాద్ మార్కెట్‌కే వచ్చి ఉన్నాడు. పావుగంటలో వచ్చాడు, మోచేతుల దాకా ఎర్రమట్టితో, ఒంటినిండా పచ్చి అల్లం వాసనతో. పంపు కింద చేతులు రుద్దుకుంటూ, “ఎంతసేపు పడ్తది సిస్టర్? బండికాడ ఎవ్వలు లేరు” అన్నాడు. “నీ బండికాడ నేను నిలబడ్త, నువ్వు పో లోపటికి” అంది ఆటోలో వెంట వచ్చిన ఆ గర్భిణి అత్త. నిజంగానే వెళ్లి నిలబడింది కూడా. మధ్యాహ్నానికి తల్లి గట్టెక్కింది. ఆడపిల్ల పుట్టింది. కరుణ చేతులు కడుక్కుని వచ్చి, గోడకు ఆనుకుని ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది. తరవాత, “ఇంటర్నెట్ వచ్చిందా? పండరి పేరు మీద ఇయ్యాల్టి తారీఖు ఎక్కియ్యి. మళ్ల మూడు నెలల దాక అతన్ని సతాయించొద్దు” అంది.

ఆపాకు చెప్పడానికి పరిగెత్తుకుంటూ వెళ్లాను. పొయ్యి ముందు కూర్చుని రొట్టె తడుతోంది. అంతా విని, “ఫోన్ల పేజీ తెరుచుకునేసరికి ఎంతసేపు పట్టింది?” అని మాత్రమే అడిగింది. చెప్పాను. “ఇంకొంచెం తగ్గియ్యొచ్చు” అంది. రొట్టె మాత్రం మాడిపోతోంది, ఆమె చూడడం లేదు. అమ్మీ వచ్చి దాన్ని తిప్పింది.

తరవాత నెలకే నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో మెరిసేది చూపించలేదు. ఈ పనిముట్టు ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, కరుణ సిస్టర్ చేతులు ఒళ్లో దాచుకున్న సంగతి చెప్పాను. అడిగినతను కలం కింద పెట్టి విన్నాడు. వెళ్లాక మొదట్లో నెలకోసారి, తరవాత పండుగలకు, తరవాత ఫోన్లలో ఆపాతో మాట్లాడాను. అమ్మీ పోయినప్పుడు వెళ్లాను. పేజీ గురించి అడగాలని ఎప్పుడూ తోచలేదు. ఏదో ఒకనాడు ఆగిపోయి ఉంటుందని లోలోపల అనుకున్నానేమో.

చిన్నమ్మను ఇంటికి చేర్చి, ఆ సాయంత్రం ఆపా ఇంటికి వెళ్లాను. తల పూర్తిగా నెరిసింది. టైపు మిషన్లలో ఒక్కటే మిగిలింది. పేజీ చూశానని చెప్పి, “పాత పైథాన్ ఎప్పుడో ఆగిపోయింది కదా ఆపా, కొత్తదాంట్లోకి ఎవరు మార్చిన్రు?” అని అడిగాను. “నేనే. రంజాన్ రోజాల నెల మొత్తం పట్టింది. దినం కొన్ని లైన్లు” అంది. ఆ మార్పు కోసం మా కంపెనీలో ఆరుగురం నెలల తరబడి తలలు పట్టుకున్నాం. “నాకు ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుండె కదా” అన్నాను, కొంచెం నొచ్చుకునే. “చేస్తే నువ్వు చేసి పెడ్తుంటివి. నాకు రాకుండ పోతుండె” అంది ఆపా. ఇప్పుడు అడిగితే చాలు పేజీలకు పేజీలు క్షణంలో రాసిచ్చే యంత్రాలు వచ్చాయని నా ఫోన్లో చూపించాను. ఆసక్తిగా ముందుకు వంగి చూసింది, మంచి మంచి ప్రశ్నలు అడిగింది. వేగాన్ని మెచ్చుకుంది. నేను ఆమెనే చూస్తున్నాను. నా దగ్గర పనిచేసే పిల్లలు తెలివైనవాళ్లు, నాకంటే పదింతలు వేగం. వాళ్ల చేతుల్లో ఉన్న పనిముట్లు అప్పుడు మాకు కలలోకి కూడా రాలేదు. కాని ఒక పేజీ కట్టి, పదిహేనేళ్లు దాని పక్కనే కూర్చున్న మనిషిని నేను ఈమెను తప్ప చూడలేదు. దాతల్లో ప్రతివాళ్లకూ ఏడాదికోసారి ఈమే ఫోన్ చేస్తుందట. నంబరు మారిందా, ఒంట్లో బాగుందా, ఇంకా ఇస్తారా అని.

లేవబోతుంటే ఆపా కంప్యూటర్ తెరిచింది. “ఈ ఏడు నా పేరు తీసేసిన. అరవై ఐదు దాటినంక రక్తం తీసుకోరు” అంది మామూలుగా. తరవాత వెతికే గడిలో నా పేరు కొట్టింది. ఏమీ రాలేదు. “నీది ఎన్నడూ లేదు స్వరూపా. తెలుసా నీకు?”

నాకు తెలియదు. అంటే, ఆలోచించలేదు. ఆ జాబితాకు రంగు పెట్టాను, లెక్క రాశాను, దాని పేరు చెప్పి ఉద్యోగం తెచ్చుకున్నాను. “నేను హైదరాబాద్‌ల ఉంట కద ఆపా” అన్నాను.

“రెండు గంటల తొవ్వ.”

“నాది ఓ పాజిటివ్. ఆ గ్రూపోళ్లు చానమంది ఉంటరు.”

“చానమంది ఉన్నరనే చానమంది అనుకుంటరు” అంది ఆపా. కుర్చీ జరిపి, కీబోర్డు నావైపు తోసింది. నేను కూర్చుని, మొదటి గడిలో నా పేరు తెలుగులో కొట్టాను.